రాణిగారి వరకే

ఇంగ్లండు రాణిగారికి నమ్మకంగా ఉంటానని నేను ఒకసారి ప్రమాణం చేశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. నందిగామ కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు వంకాయలు చేదుగా ఉన్నాయనీ, మధ్యాహ్నం బాగా ఉక్కపోసిందనీ మాత్రమే రాశాను.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. నేను ఇంగ్లండు వెళ్ళబోవడం లేదు, విజయవాడ దాటి ఎటూ వెళ్ళినదాన్నీ కాదు. ప్రమాణం చేసింది జగ్గయ్యపేటలో, మా ఇంటి వెనక ఖాళీ గోనెసంచులు పడేసే గదిలో. నా ఎదురుగా ఉన్నది రాణిగారు కాదు, మూత మీద ఆవిడ బొమ్మ ఉన్న బిస్కెట్ల డబ్బా. అప్పటికి అందులో బిస్కెట్లు కూడా అయిపోయాయి. మా నాయనమ్మ వక్కపలుకులు పోసుకుంది.

ఆ డబ్బా తెచ్చింది మా అత్త, నాన్న చెల్లెలు. డెబ్భైల మొదట్లో పెళ్ళయి ఇంగ్లండు వెళ్ళింది. మామయ్య అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. అత్త అదే ఆసుపత్రి లేబొరేటరీలో పనిచేసేది. ఎనభైల మొదట్లో ఒక ఏడాది, మిరపకాయలు దిగే రోజుల్లో, పిల్లలిద్దర్నీ మామయ్యకు అప్పజెప్పి ఒక్కతే వచ్చింది. ఎందుకొచ్చిందో మొదట చెప్పలేదు. చూడాలనిపించింది, వచ్చానంది.

నాన్నది ఎండుమిరపకాయల కొట్టు. కొట్టు ముందు, ఇల్లు వెనక. ఆ రోజుల్లో చందర్లపాడు నుంచీ చెవిటికల్లు నుంచీ రైతులు బండ్ల మీద బస్తాలు తెచ్చి మా వాకిట్లో దించేవారు. ఇల్లంతా ఘాటు. మాకు అలవాటు కాబట్టి తెలిసేది కాదు. అత్తకు మాత్రం బండి దిగిన దగ్గర్నుంచీ దగ్గే. మాట మొదలుపెడితే దగ్గు, అన్నం ముందు కూర్చుంటే దగ్గు.

"ఏందే, పుట్టింటి ఘాటుకే తట్టుకోలేకపోతున్నావు," అనేది నాయనమ్మ. "ఆ రాణిగారి ఊళ్ళో తిరగమోత వెయ్యరా?"

"వేస్తామమ్మా. కిటికీలు మూసి వేస్తాం. పక్కింటావిడకి పడదు."

"పక్కింటావిడకి పడదని నువ్వు కిటికీ మూసుకుంటావా?"

"మూసుకుంటా."

నాయనమ్మ డబ్బా మూత తీసి ఒక వక్కపలుకు నోట్లో వేసుకుంది. మూత వెయ్యబోతూ దాని మీద బొమ్మను ఇంకోసారి చూసింది. నీలం అంచు, మధ్యలో తెల్లటి బట్టల్లో కిరీటం పెట్టుకున్న ఆవిడ. నవ్వుతోందా లేదా అన్నది ఎంత చూసినా తేలేది కాదు.

రెండు మూడు రోజులు గడిచాక, భోజనాలయి నాన్న కొట్లోకి వెళ్ళబోతుంటే అత్త ఆపింది. నాయనమ్మ ముందు చాప మీద కూర్చుంది. కూర్చోవడంలోనే తేడా ఉంది. చిన్నపిల్ల తప్పు చేసినప్పుడు కూర్చున్నట్టు కూర్చుంది.

"అమ్మా, నువ్వు నా చేత వేయించుకున్న ఒట్టు తియ్యి. అది అడగడానికే వచ్చా."

ఆ ఒట్టు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అత్త ఇంగ్లండు వెళ్ళేరోజు పొద్దున నాయనమ్మ దీపం వెలిగించి, తన చేతిలో చెయ్యి వేయించుకుని, ఇంకో రాజ్యం మనిషిని కానని చెప్పించుకుంది. ఎక్కడుండాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్నది అడగలేదు. అక్కడే ఉద్యోగం చేసుకో, పిల్లల్ని కను, కానీ ఇంకో రాజుగారి మనిషివి కావద్దు. అంతే. మా ఇంట్లో ఒట్టు అంటే ఉత్తుత్తి మాట కాదు. వేయించుకున్నవాళ్ళే తియ్యాలి, అదీ అదే దీపం ముందు, చేతిలో చెయ్యి వేసి. ఉత్తరంలో తీస్తే పోదు. అందుకని అత్త విమానం ఎక్కి వచ్చింది. డాక్టరు భార్య, మైక్రోస్కోపులో రక్తపు చుక్కలు చూసే మనిషి, ఒట్టు తీయించుకోవడానికి అంత దూరం వచ్చిందంటే బయటివాళ్ళు నవ్వుతారేమో. మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నాయనమ్మ ఎందుకు అలాంటి ఒట్టు వేయించుకుందో చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు పాలేరు అవతల, నిజాం రాజ్యంలో. మెట్టినిల్లు పాలేరు ఇవతల, తెల్లదొరల రాజ్యంలో. మధ్యలో నాకా ఉండేది. అక్కడ నిజాం సర్కారు మనుషులు బండి ఆపి మూటలు విప్పించేవారు. నాయనమ్మ పెళ్ళికూతురిగా ఆ నాకా దాటి వచ్చింది. "బండి ఎక్కినప్పుడు నవాబుగారి మనిషిని. దిగినప్పుడు తెల్లరాజు మనిషిని. నన్నెవరూ అడగలా," అనేది. కాన్పులకి వెళ్ళినప్పుడల్లా మూట విప్పి చూపించింది. ఆ తరవాత తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. అవతల రజాకార్ల గొడవ. దారులు మూసుకుపోయాయి. ఆ నెలల్లోనే అవతల వాళ్ళ నాన్న పోయాడు. కర్మలన్నీ అయ్యాక గానీ కబురు పాలేరు దాటలేదు. దాటితే అరగంట బండి ప్రయాణం. అంత దగ్గరలో ఉండి తండ్రి ముఖం చూడలేకపోయింది.

ఆ తరవాత ఏడాదికో, రెండేళ్ళకో ఆ నాకాలో మనుషులే లేకుండా పోయారు. అత్త వచ్చేనాటికి అక్కడ, గరికపాడు దగ్గర, లారీలు ఆగేవి, డ్రైవర్లు ధాబాల ముందు మంచాల మీద పడుకునేవారు. నాయనమ్మ బస్సులో ఆ దారిన వెళితే అప్పటికీ ఒళ్ళోని సంచి గట్టిగా పట్టుకునేది.

అందుకని అత్త అడగ్గానే ఆవిడ ఒకే మాట అంది.

"నేను పోతే నిన్ను ఎవడో గేటు దగ్గర ఆపుతాడు."

"ఆపరమ్మా. ఆ పాస్‌పోర్టుంటే ఇక్కడికి రావడానికి పర్మిషన్ కూడా అక్కర్లేదు."

"ఇవాళ అక్కర్లేదు."

అత్త తన సంగతి చెప్పింది. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు కాబట్టి వాళ్ళు బ్రిటిష్‌వాళ్ళు. మామయ్య పోయిన ఏడాది తీసుకున్నాడు. ఫ్రాన్సు చూడ్డానికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో వాళ్ళు ముగ్గురూ ఒక లైన్లో, తను ఒక్కతే ఇంకో లైన్లో. చిన్నపిల్ల అవతలి లైన్లోంచి అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే తను అటు పోలేకపోయింది, పిల్ల ఇటు రాలేకపోయింది. అక్కడి ఆఫీసరు, ఆ పిల్లకి నువ్వేమవుతావు అని తనని అడిగాడట. వచ్చే ఏడాదినుంచి చట్టం మారుతోంది, ఇప్పుడు తీసుకోకపోతే ఇంకా కష్టమవుతుందంటున్నారు.

"నీకు నాకా ఎట్లాగో నాకు ఆ లైను అట్లాగమ్మా," అంది అత్త.

నాయనమ్మ ఇంకో వక్కపలుకు నోట్లో వేసుకుంది. తరవాత, "ఒట్టు తీస్తే ఏం చేస్తావు?" అని అడిగింది.

"వాళ్ళ రాణిగారికి నమ్మకంగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. లాయరు ముందు గట్టిగా చదివి సంతకం పెట్టాలి."

"రాణిగారు వస్తుందా?"

"రాదు."

"రాకుండా ఎవరి చేతిలో చెయ్యి వేస్తావు?"

"చెయ్యి వెయ్యక్కర్లేదు. చదవడమే."

"కర్పూరం?"

"అదీ ఉండదమ్మా."

నాయనమ్మ నాన్న వంక చూసింది, ఇదేం వ్యాపారంరా అన్నట్టు. నాన్న కొట్లో పనుందని లేచాడు. "ఆ ప్రమాణం తెలుగులో ఏమని వస్తుందో నాకు వినపడాలి," అంది నాయనమ్మ. "వినకుండా ఎట్లా తీసేది?" అత్త సంచిలోంచి ఒక కాగితం తీసింది. నాయనమ్మ నావైపు గడ్డం ఎత్తింది. "అది చదువుతోంది కదా, దొరల రాజ్యాంగమో ఏదో. అది చేసిస్తుంది."

నిజమే. నందిగామ కాలేజీలో బి.ఏ. రాజనీతిశాస్త్రంలో బ్రిటిష్ రాజ్యాంగం నాకు ఒక పాఠం. రాజు రాజ్యం చేస్తాడు గానీ పాలించడని మా లెక్చరరు చెప్పేవారు. రాజు తప్పు చెయ్యలేడు, ఎందుకంటే తనంతట తాను ఏమీ చెయ్యడు. నేను ఇవన్నీ పరీక్షలో వరసగా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఒక్క ముక్కా అర్థం కాలేదు. క్లాసులో లేచి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఏమీ చెయ్యని మనిషి ఎందుకు, ఆ మనిషి మీద అందరికీ అంత ప్రేమ ఎందుకు అని డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

అత్త వచ్చాక ఆ ప్రశ్నలు మళ్ళీ లేచాయి. సాయంత్రాలు వంటింటి గడపలో కూర్చుని అత్త చెప్పే కబుర్లు వినేదాన్ని. రాణిగారు గద్దెనెక్కి పాతికేళ్ళయినప్పుడు వాళ్ళ వీధివాళ్ళంతా ఇళ్ళల్లోంచి బల్లలు తెచ్చి రోడ్డు మీద వరసగా వేశారట. అత్త పులిహోర చేసుకెళ్ళింది. అంతకుముందు వాన గురించీ ఎండ గురించీ తప్ప నోరిప్పని పక్కింటావిడ, కాగితంతో చేసిన కిరీటం తెచ్చి అత్త నెత్తిన పెట్టింది.

"నీ నెత్తినా?" అంది నాయనమ్మ.

"అందరి నెత్తినా. ఆ రోజు ఎవర్ని చూసినా కిరీటమే."

"మంచిదే కదా మరి."

"మంచిదే. ఆ వారమే బస్టాపులో ఒకతను నీ దేశానికి నువ్వు పో అన్నాడు. అదే వీధి చివర."

మా అమ్మ పోపు మాడుతున్నా చూసుకోకుండా వింటోంది. "అతను ఆ రోజు బల్ల దగ్గరకి వచ్చాడా, వదినా?"

"ఏమో. కాగితం కిరీటాల్లో ఎవరు ఎవరో తెలీలా."

వాళ్ళలో వాళ్ళకే పడదని కూడా అత్త చెప్పింది. ఎదురింటాయనది స్కాట్లండు. ఆయన్ని ఇంగ్లీషాయన అంటే ముఖం ఎర్రబడుతుంది. ఆయన భార్యది వేల్స్. ఆవిడ మా భాష వేరంటుంది. మేము వేరంటే మేము వేరంటారు. రాణి టీవీలో కనిపిస్తే మాత్రం ఇద్దరూ చప్పుడు పెంచి వింటారు.

"మన జై ఆంధ్రా గొడవ లాంటిదే," అన్నాడు నాన్న. "అప్పుడు మన బస్సులు గరికపాడు దగ్గర ఆగిపోలా? మనకీ ఒక రాణి ఉంటే ఆగేవి కావేమో."

"రాజులున్నప్పుడూ నాకా దగ్గర బండ్లు ఆగినయ్ లే," అంది నాయనమ్మ.

"అయితే బ్రిటిష్ అంటే ఎవరు వదినా అసలు?" అని అమ్మ అడిగింది. అత్త నవ్వేసి, "పదేళ్ళ పైగా అదే చూస్తున్నా. నాకు ఇంకా తెలీలా. ఆ కాగితం వచ్చాక చెప్తారేమో," అంది.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. రాణిగారికి ఏది ఇష్టమో, ఏది కష్టమో ఎవరికీ తెలియదని అత్త అంది. పార్లమెంటులో ఏడాదికోసారి ప్రసంగం చదువుతుంది, అదీ మంత్రులు రాసిచ్చిందే. వెళ్ళినచోటల్లా దూరం నుంచి వచ్చారా అని అడుగుతుంది, పూలు తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. సొంత మాట ఒక్కటీ పైకి రాదు. డబ్బా మూత మీద ఆవిడ ముఖం నేను అప్పట్నుంచీ వేరేగా చూశాను. అంతమంది మధ్య నోరు మూసుకుని ఉండడం ఎంత కష్టమో, ఎంత సుఖమో నాకు తెలుసు. ఆవిడ నాలాంటిదనిపించింది. అలా అనిపించినందుకు నాకే సిగ్గేసింది.

కాగితం నా చేతికొచ్చిన మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. నిశ్శబ్దంగా ఉంటుందని గోనెసంచుల గదిలో కూర్చున్నాను. నాయనమ్మ వక్కల డబ్బా అక్కడే గూట్లో గోడకి ఆనించి నిలువుగా పెట్టి మరిచిపోయింది. ప్రమాణం పొడుగేమీ కాదు, ఒక్క వాక్యమే. నేను, సర్వశక్తిమంతుడైన దేవుడి సాక్షిగా, ఫలానా మహారాణిగారికీ, చట్టం ప్రకారం ఆమె వారసులకీ, ఆమె తరవాత గద్దె ఎక్కేవాళ్ళకీ నమ్మకంగా, నిజమైన విధేయతతో ఉంటాను. ఇంత పెద్ద చిక్కు ఒక్క వాక్యంలో ఉంది. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. వాక్యం మొదట్లో నేను అన్న మాట ఉంది. దాన్ని అత్త అనుకుని రాయబోతే వాక్యం కుదరడం లేదు. పైకి చదివితే గానీ తెలుగు పలుకుతోందో లేదో తెలియదు. అందుకని చదివాను. కూర్చుని చదివితే పుస్తకం చదివినట్టుంది. నిలబడ్డాను. డబ్బా నా ఎత్తుకు సరిగ్గా ఉంది. నేను అని మొదలుపెట్టి చివరిదాకా, వారసులతో సహా, ఆగకుండా చెప్పాను.

చెప్పాక ఏమీ జరగలేదు. వాకిట్లో హమాలీలు బస్తా దించిన చప్పుడయింది.  ఆ వాక్యంలో నేను అంటే నేనే కదా. దేవుడి సాక్షిగా అన్నాను కదా. చిన్నప్పుడు బళ్ళో రోజూ చెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చెప్పేవాళ్ళం. ఆ ఎండలో ఎప్పుడు అయిపోతుందా అని చూడడమే తప్ప అది నాకు ఒంటికి తగిలిన గుర్తు లేదు. అది దేశానికి. ఇది ఒక మనిషికి. మనిషి కళ్ళలోకి చూస్తూ అనడం వేరని ఆ పూట తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే ఒట్టు వేయించుకున్నవాళ్ళే తియ్యాలన్న మా ఇంటి రూలు ప్రకారం, నాది తియ్యగలిగింది ఆవిడొక్కతే.

సాయంత్రం దీపం పెట్టాక నాయనమ్మ అందర్నీ కూర్చోబెట్టింది. నేను రాసింది అత్త చదవాలని చెప్పింది. అక్కడ లాయరు ముందు అనబోయేది ముందు ఇక్కడ తన ముందు అనాలి. ఇక్కడ అనలేనిది అక్కడ అనకూడదు. అత్త కాగితం పట్టుకుంది. ఇంగ్లీషులో అయితే గడగడా చదివేదే. తెలుగులో రెండు మాటలకే తడబడింది. అంతలో వాకిట్లోంచి ఘాటు వచ్చింది. దగ్గు మొదలయింది.

"దగ్గితే ఆ మాట చెల్లదు," అంది నాయనమ్మ. "మళ్ళీ మొదట్నించి చదువు."

నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. సర్వశక్తిమంతుడైన దేవుడు అనేసరికి నాయనమ్మ చెయ్యెత్తింది.

"ఏ దేవుడు?"

"ఏ దేవుడైనా పరవాలేదంటమ్మా."

"దేవుడు ఎవరైనా పరవాలేదు గానీ రాణి మాత్రం ఆవిడే." నాయనమ్మ తల ఊపింది. "సరే, కానీ."

అత్త రాణిగారి పేరు చదివింది. నాయనమ్మ డబ్బా మూతని దీపం వైపు తిప్పి చూసింది. "ఈవిడ వరకు నాకేం అభ్యంతరం లేదు. ఆడమనిషి. పిల్లలున్న మనిషి. ఎవర్నీ ఒక మాట అనదంటున్నావు. ఈవిడ మనిషినంటే నేను సర్దుకుంటా. ఇంకా ఏముంది?"

అత్త వారసుల ముక్క చదివింది. నాయనమ్మ ముఖం మారింది.

"వాళ్ళ పిల్లలకి కూడానా?"

"చట్టప్రకారం ఎవరు వస్తే వాళ్ళకి."

"మనమలకి? ఇంకా పుట్టనివాళ్ళకి?"

"అట్లాగే ఉందమ్మా."

"వాళ్ళు ఎట్లాంటివాళ్ళో నీకు తెలుసా? నేను వచ్చినప్పుడున్న తెల్లరాజు ఒకడు. ఆ తరవాత ఇంకొకడు. నవాబుల్లో పాతాయన మంచోడన్నారు, కొత్తాయన హయాంలో దారులు మూసుకున్నయ్. కళ్ళతో చూడని సరుక్కి మాట ఇస్తారుటే ఎవరైనా?" కొట్టుమీద పెరిగిన ఇల్లు మాది. నాణ్యం చూడకుండా బస్తా కట్టించడం మా ఇంటా వంటా లేదు. "రాణిగారి వరకు తీస్తా. పిల్లల సంగతి తియ్యను. ఆ ముక్క కొట్టేయమని లాయరుకి చెప్పు."

"కొట్టేస్తే ఇవ్వరమ్మా. బేరం కాదిది."

"మాట ఇచ్చేటప్పుడు బేరం ఆడకపోతే ఎప్పుడాడతావే?"

అత్త నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముఖం చేతుల్లో పెట్టుకుంది. చిన్నపిల్ల అవతలి లైన్లోంచి పిలిచిన సంగతి మళ్ళీ చెప్పబోయి మానేసింది. నాన్న ఏదో సర్దబోతే నాయనమ్మ, "నువ్వూరుకో. నీకు నాకా తెలీదు," అంది. ఆ పూట ఇంక ఆ మాట రాలేదు. నేను ఒక మూల కూర్చుని, ఆ ముక్కతో సహా మొత్తం చెప్పేసినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే అనుకుంటున్నాను. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగి, పాస్‌పోర్టు ముఖం చూడని నేను ఆ వంశం మొత్తానికీ కట్టుబడి ఉన్నాను. అక్కడ ఇల్లూ పిల్లలూ ఉన్న అత్త ఇంకా గుమ్మంలోనే ఉంది. ఎవరు ఎక్కడివాళ్ళో నాకు ఆ రాత్రి ఏమీ తోచలేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు రాస్తున్నా తోచడం లేదు.

వెళ్ళే రోజు పొద్దున నాయనమ్మ దీపం వెలిగించింది. అత్త స్నానం చేసి వచ్చి చెయ్యి చాచింది. నాయనమ్మ ఆ చెయ్యి తన చేతిలో చాలాసేపు ఉంచుకుంది.

"రాణిగారి వరకు తీశా. మిగతాది అట్లనే ఉంది."

"సగం ఒట్టుతో నేనేం చెయ్యనమ్మా?"

"అది నువ్వు చూసుకో."

అంతే. తరవాత కారప్పొడి సీసా సూట్‌కేసులో పగలకుండా పెట్టారా అని అడిగింది.

విజయవాడ బస్సే నేను రోజూ కాలేజీకి ఎక్కే బస్సు. నాన్న సూట్‌కేసు పైకెక్కించి, ఉత్తరాల్లో ఏం రాయాలో ఏం రాయకూడదో చెప్పి దిగిపోయాడు. నందిగామ దాకా నేనూ అత్తా పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ కిటికీ పక్కన. బస్సులో ఎవరిదో మిరపకాయల సంచి ఉంది, అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో ఎర్రగా పరిచిన కాయలు చూస్తూ కూర్చుంది. నేను చెబుదామా వద్దా అని సగం దారి ఆలోచించాను. చివరకు కాలేజీ పుస్తకాల వంక చూస్తూ అడిగాను.

"అత్తా, ఆ ప్రమాణం ఎవరైనా అనుకోకుండా చదివితే, లాయరు లేకుండా, చెల్లుతుందా?"

"ఎవరు చదివారు?"

"ఎవరూ లేదు. పరీక్షలో వస్తుందేమోనని."

అత్త నావైపు తిరిగింది.  "లాయరు లేకపోతే వాళ్ళకి చెల్లదు," అంది. "చదివినవాళ్ళకి చెల్లుతుందేమో నాకు తెలీదు. నాకూ అదే భయం."

"నువ్వేం చేస్తావు మరి?"

అత్త కొంగు మళ్ళీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అంతలో నందిగామ వచ్చింది. నేను దిగాను. నాకు ఏడుపొస్తోంది, ఎవరైనా చూస్తారని తల వంచుకుని కిటికీ కింద నిలబడ్డాను. కండక్టరు తలుపు వేసి గంట కొట్టాడు. అత్త కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి నా తల మీద వేసింది. బస్సు కదిలింది. ఆవిడ కొంచెం ముందుకు వంగి, ఇంజను చప్పుడులో నాకు వినపడేటట్టు గట్టిగా చెప్పింది.

"మా అమ్మతో చెప్పవే, ఆ పిల్లల ముక్క దగ్గరికొచ్చేసరికి నాకు దగ్గొస్తుందని."